కరువు ఎవరి వల్ల వస్తుంది? ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జయపురం ప్రాంతాల తెలుగు కుటుంబాలకు రేషన్ కార్డు దరఖాస్తులు నింపిపెట్టడం కొన్నేళ్లుగా నాకు అలవాటైన పని. ఆ పని మీద వచ్చినవారు కార్డు సంగతితో మొదలుపెట్టి, గోదాముల్లో ఇన్ని గింజలుండగా ఇంకా పస్తులేమిటనే దాకా వెళ్తుంటారు. వారు అడిగినవీ, అడగకపోయినా చెప్పాలనిపించినవీ ఇక్కడ రాస్తున్నాను.

కరువు, క్షామం, ఆహార అభద్రత మూడూ ఒకటేనా?

కాదు. వాడుకలో వాన పడకపోయినా కరువే, ధరలు మండినా కరువే, చివరికి పెళ్లిలో కూర సరిపోకపోయినా కరువే. క్షామం అనే మాటకు మాత్రం ఇప్పుడు అంతర్జాతీయంగా ఒక కొలత ఉంది. ఒక ప్రాంతంలో కనీసం 20 శాతం కుటుంబాలు తిండికి తీవ్రంగా కటకటలాడాలి, పిల్లల్లో 30 శాతానికి పైగా తీవ్రంగా చిక్కిపోయి ఉండాలి, రోజుకు ప్రతి పదివేల మందిలో ఇద్దరైనా ఆకలి వల్లనో, ఆకలితో ముడిపడిన రోగాల వల్లనో చనిపోతుండాలి. ఈ మూడూ రుజువయ్యేసరికి జరగవలసిన నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. అందువల్ల క్షామం ప్రకటించలేదంటే ఆకలి లేదని అర్థం కాదు.

మన జిల్లాల్లో కనిపించేది మూడోది, అంటే ఆహార అభద్రత. ఇది ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. పాత గింజలు అయిపోయి కొత్త పంట ఇంకా చేతికి రాని ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా కొండ గ్రామాల్లో ఇది ముదురుతుంది. సంతలో అప్పు పుట్టని నెలలు కూడా అవే.

వాన పడకపోతే పంట పోతుంది, పంట పోతే తిండి పోతుంది. ఇందులో రాజకీయం ఎక్కడుంది?

పొలానికీ పొయ్యికీ మధ్య ఉంది. వాన తప్పిన ఏడాది ముందుగా పోయేది వ్యవసాయ కూలీ పని. నాట్లు లేవు గనుక కూలి లేదు, కూలి లేదు గనుక చేతిలో డబ్బు లేదు, అదే సమయంలో బియ్యం ధర పెరుగుతుంది. నేత, కుండలు, క్షౌరం వంటి వృత్తుల మీద బతికేవారి గిరాకీ కూడా ఆ వెంటనే పడిపోతుంది. ఊరి మధ్య వ్యాపారి కొట్టులో బస్తాలు పేర్చే ఉంటాయి, వాటిని కొనగలిగినవారే తగ్గిపోతారు. ఒక మనిషికి తిండి మీద హక్కు భూమి వల్లనో, కూలి వల్లనో, సర్కారు ఇచ్చే సాయం వల్లనో వస్తుందనీ, ఆ హక్కు కూలిపోయినప్పుడే క్షామం వస్తుందనీ ఆర్థికవేత్త అమర్త్య సేన్ వివరించారు. సుమారు 30 లక్షల మందిని పొట్టన పెట్టుకున్న 1943 నాటి బెంగాల్ క్షామంలో, ఆయన లెక్క ప్రకారం, అందుబాటులో ఉన్న తిండిగింజలు క్షామం లేని 1941 కంటే ఎక్కువే. ఆ అంకెలతో విభేదించే చరిత్రకారులు ఉన్నారు. అయితే యుద్ధకాలంలో సైన్యానికీ కలకత్తా నగరానికీ దక్కిన ప్రాధాన్యం పల్లెల కూలీలకు దక్కలేదన్న విషయం మీద పెద్దగా వాదం లేదు.

మన పెద్దలు చెప్పే ‘న అంక’ కరువు ఏమిటి? అందులో తప్పెవరిది?

అది 1866 నాటిది. పూరీ గజపతి దివ్యసింహ దేవుని పాలనలో తొమ్మిదో అంకంలో (రాజు ఏలుబడి ఏళ్ల లెక్కను అంకం అంటారు) వచ్చింది గనుక ఒడియావారు దాన్ని ‘న అంక దుర్భిక్షం’ అంటారు. 1865లో వానలు ముందే ఆగిపోయి వరి ఎండిపోయింది. అంతవరకు నేరం ఆకాశానిది.

ఆ తరువాత జరిగినది మనుషుల పని. అప్పట్లో కటక్, పూరీ, బాలేశ్వర్ జిల్లాలు కలకత్తా నుంచి నడిచే బెంగాల్ ప్రభుత్వం కింద ఉండేవి. జిల్లాలో ఎంత ధాన్యం మిగిలిందో సరిగా లెక్క తీసినవారు లేరు. వ్యాపారులు దాచిపెట్టారు, ధర పెరిగితే వారే బయటకు తీస్తారు, సర్కారు వేలు పెడితే వ్యాపారం చెడుతుందన్న నమ్మకం కలకత్తా రెవెన్యూ బోర్డును శాసించింది. 1866 ఫిబ్రవరిలో లెఫ్టినెంట్ గవర్నర్ సెసిల్ బీడన్ స్వయంగా ఒడిశా వచ్చి, ధరల విషయంలో జోక్యం కుదరదని చెప్పి వెళ్లారు. బయటి నుంచి బియ్యం తెప్పించాలన్న నిర్ణయం జరిగేసరికి వేసవి ముగిసి నైరుతి వచ్చేసింది. వానాకాలపు అలల్లో ఓడల నుంచి బస్తాలు దించే వీలున్న రేవు లేదు, లోపలి ఊళ్లకు బండి వెళ్లే బాట లేదు. బియ్యం ఓడలో ఉండగానే ఒడ్డున జనం చనిపోయారు. సుమారు 30 లక్షల జనాభాలో 10 లక్షల మంది, అంటే ప్రతి ముగ్గురిలో ఒకరు పోయారని అంచనా. జార్జ్ క్యాంప్‌బెల్ అధ్యక్షతన వేసిన విచారణ సంఘం ఆలస్యానికి అధికారులను తప్పుపట్టింది.

మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మన గంజాం కూడా ఆ ఏడాది కరువు బారిన పడింది. రుషికుల్య కాలువల కింద ఇప్పుడు పచ్చగా కనిపించే నేల, కరువులు చూశాకే ఆ కాలువలకు నోచుకుంది.

ధాత కరువు సంగతి ఏమిటి? అది మన వైపు రాలేదు కదా?

దాని దెబ్బ ఎక్కువగా రాయలసీమ, బళ్లారి, మైసూరు, దక్కను ప్రాంతాల మీద పడింది. ధాత నామ సంవత్సరంలో, అంటే 1876లో మొదలై 1878 దాకా సాగింది. మృతులు 55 లక్షలకు తక్కువ ఉండరని ఎక్కువమంది అంచనా. అయినా ఇక్కడ చెప్పుకోవాలి, ఎందుకంటే ఇందులో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కథ ఉంది. అదే టెంపుల్ 1873–74లో బీహారులో కరువు వచ్చినప్పుడు బర్మా బియ్యం భారీగా దిగుమతి చేయించి జనాన్ని కాపాడారు. మెచ్చుకోవలసినది పోయి, ఖజానా దుబారా చేశారని పైవారు మందలించారు. మూడేళ్ల తరువాత దక్షిణాదికి పంపితే ఆయన పాఠం నేర్చుకునే వచ్చారు. సహాయపు పనుల్లో రోజంతా మట్టి మోసే మగవాడికి ఒక పౌను గింజలు, అంటే సుమారు 450 గ్రాములు, దానితో పాటు ఒక అణా చాలునని తేల్చారు. ఆ కూలితో మనిషి బతకడని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఎదురు వాదించారు. వైస్రాయి లిట్టన్ 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియాను భారత సామ్రాజ్ఞిగా ప్రకటిస్తూ దర్బారు నడిపినది కూడా ఆ కరువులోనే.

దాని తరువాత 1880లో క్షామ సంఘం నివేదిక, ఆ వెంట క్షామ నియమావళి వచ్చాయి. పని కల్పించి కూలి ఇవ్వాలి, పని చేయలేనివారికి ఊరికే తిండి పెట్టాలి అన్న సూత్రం అక్కడిదే. మన ఉపాధి హామీ పనులకు ముత్తాత అదే అనవచ్చు, ముత్తాత గుణాలు కొన్ని మనవడికి ఇంకా పోలేదు.

స్వతంత్ర దేశంలో, ఎన్నికలు జరిగే చోట క్షామం రాదంటారు. మరి కాశీపురంలో జరిగినదేమిటి?

పత్రికలు, ప్రతిపక్షం, ఎన్నికలు ఉన్నచోట లక్షల మంది ఒక్కసారిగా చనిపోయే క్షామాన్ని ఏ ప్రభుత్వమూ చూస్తూ ఊరుకోలేదన్నది సేన్ వాదన. అది చాలావరకు నిజం. 1972లో మహారాష్ట్రలో పంటలు ఘోరంగా పోయినప్పుడు, 1973 మే నాటికి సుమారు 50 లక్షల మందికి సహాయపు పనులు కల్పించారు, పెద్ద క్షామం తప్పింది. ఒక్కసారిగా కనిపించే చావు వార్త అవుతుంది. ప్రతి శ్రావణంలోనూ కొంచెం కొంచెంగా చిక్కిపోవడం వార్త కాదు. ప్రజాస్వామ్యంలోని ఈ సందులోనే మన పక్క జిల్లాలు పడిపోయాయి.

1985లో కలహండి ప్రాంతంలో ఒక పేద యువతిని 40 రూపాయలకు అమ్మారన్న వార్త దేశమంతా పాకింది, ప్రధాని రాజీవ్ గాంధీ అక్కడికి వచ్చారు. అప్పటి నుంచి కలహండి, బొలంగీర్, కొరాపుట్ జిల్లాలను కలిపి ‘కేబీకే’ అనడం, వాటికి ప్రత్యేక ప్రణాళికలు వేయడం మొదలయింది. ఆ మూడు జిల్లాలే విడిపోయి ఇప్పుడు ఎనిమిది అయ్యాయి, మన రాయగడ, మల్కనగిరి వాటిలోనివే. కరువుకు మారుపేరుగా మారిన ఆ కలహండి నుంచే బియ్యం బయటి ప్రాంతాలకు ఎగుమతి అవుతూ ఉండేదని చెప్తే చాలామంది నమ్మరు.

2001 ఆగస్టులో రాయగడ జిల్లా కాశీపురం బ్లాకులో మామిడి టెంకల అంబలి తాగి ఇరవై మందికి పైగా గిరిజనులు చనిపోయారు. అది ఆకలి చావు కాదు, విషాహారం అని ప్రభుత్వం వాదించింది. అదే సమయంలో దేశంలోని ప్రభుత్వ గోదాముల్లో సుమారు 6 కోట్ల టన్నుల తిండిగింజలు మూలుగుతున్నాయి. గోదాములు నిండి ఉండగా జనం పస్తులుండడమేమిటని ఆ ఏడాది ఏప్రిల్‌లోనే పౌరహక్కుల ప్రజాసంఘం సుప్రీంకోర్టులో కేసు వేసి ఉంది. 2001 నవంబరు 28న కోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో బడిలో వండిన మధ్యాహ్న భోజనం, నిరుపేదలకిచ్చే అంత్యోదయ బియ్యం వంటివి దయాధర్మాలు కాకుండా హక్కులయ్యాయి.

టెంక తినడం కొండవారి అలవాటే కదా, దాన్ని ఆకలి అనడం ఎందుకు?

ఈ ప్రశ్న అడిగేవారిలో నాకు కావలసినవారూ ఉన్నారు గనుక కాస్త వివరంగా చెబుతాను. వేసవిలో టెంకలు ఏరి, పగలగొట్టి, లోపలి జీడిని తీసి, వగరు పోయేదాకా పారే నీటిలో రోజుల తరబడి నానబెట్టి, ఎండబెట్టి, పిండి చేసి దాచుకోవడం నిజంగానే తరతరాల పద్ధతి. అలవాటు ఉన్నవారికి దాన్ని ఎలా శుద్ధి చేయాలో కూడా తెలుసు. ఆ పిండి ముసురు రోజుల్లో చెమ్మ తగిలి బూజు పట్టినప్పుడు ప్రమాదం వస్తుంది. బూజు పట్టిన పిండిని పారబోయాలా, వండాలా అన్నది ఇంట్లో వేరే గింజ ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. 2024 చివరలో కంధమాల్ జిల్లా దారింగ్‌బాడి వైపు టెంకల అంబలితో మళ్లీ మరణాలు జరిగినప్పుడు కూడా అలవాటన్న మాటే ముందు వినిపించింది. అలవాటు తిండిని చెబుతుంది, ఆ రోజు ఆ కుండలో అదొక్కటే ఎందుకు ఉందో చెప్పదు.

అడవీ భూమీ ఉన్న కొండ జిల్లాల్లోనే ఆకలి ఎక్కువ ఎందుకు?

ఉన్న భూమి చేతిలో నిలవకపోవడం మొదటి కారణం. ఆషాఢంలో నాగుకు తెచ్చుకున్న పుట్టెడు గింజలకు పంటలో పుట్టిన్నర కొలవాలి. ఒక్క పంట తప్పితే వడ్డీ అసలును మింగుతుంది, ఆ తరువాత చింతచెట్టు, ఆ తరువాత పల్లపు మడి సాహుకారు పేర మారతాయి. కొరాపుట్ వైపు ‘గొతి’ పేరుతో మనిషే అప్పుకు తాకట్టుగా పాలేరుతనం చేసే పద్ధతి ఉండేది. ఈ ప్రమాదాన్ని తెల్లదొరలు కూడా గుర్తించి గంజాం, విశాఖ ఏజెన్సీల కోసం 1917లోనే వడ్డీ, భూబదలాయింపు చట్టం చేశారు. స్వాతంత్ర్యం తరువాత ఒడిశాలో 1956 నాటి రెండో నిబంధన, ఆంధ్రలో 1970 నాటి 1/70 చట్టం గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఉండడానికి వచ్చాయి. కొండ దిగువ నుంచి వెళ్లి స్థిరపడిన వ్యాపారుల్లో మన తెలుగువారూ ఉన్నారన్న సంగతి దాచి ఈ ప్రశ్నకు జవాబు రాయడం న్యాయం కాదు.

ఆనకట్టలు రెండో కారణం. బలిమెల జలాశయం వెనుక చిక్కుకున్న మల్కనగిరి జిల్లా గ్రామాల వారికి 2018 జూలైలో గురుప్రియ వంతెన తెరిచేదాకా బియ్యం, డాక్టరు, ఆఫీసు అన్నీ పడవ అవతలే ఉండేవి.

ఇంట్లో బియ్యం ఉంటే అందరూ తిన్నట్టేనా?

కాదు. మగవారికి, పిల్లలకు వడ్డించి, మిగిలిన అడుగు అన్నంలో గంజి పోసుకుని తినే తల్లి ఏ లెక్కలోకీ రాదు. అరకడుపుతో ఉన్న గర్భిణికి తక్కువ బరువుతో బిడ్డ పుడుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒడిశాలో ఐదేళ్లలోపు పిల్లల్లో 31 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేరు. దేశ సగటు 35.5 శాతం గనుక మనం నయమే అనుకోవచ్చు, కానీ ఈ రాష్ట్ర సగటులో కటక్ పిల్లవాడూ, కొండ మీది సవర పిల్లవాడూ కలిసిపోయి ఉంటారు.

చట్టం ప్రకారం మాకు రావలసినది ఎంత?

2013 జాతీయ ఆహార భద్రత చట్టం కింద సాధారణ లబ్ధి కుటుంబంలో ఒక్కొక్కరికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబానికి మొత్తం 35 కిలోలు. 2023 జనవరి నుంచి ఇవి ఉచితం. గ్రామాల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం దాకా జనాభాకు దేశం మొత్తం మీద ఈ హక్కు ఉంది. అయితే లెక్కకు తీసుకున్న జనాభా 2011 నాటిది, ఆ తరువాత పుట్టినవారు, కొత్తగా వేరుపడినవారు ఆ సంఖ్యలో ఇమడలేదు. అలా మిగిలిపోయినవారి కోసం ఒడిశా 2018లో సొంత పథకం పెట్టింది. కార్డు మీద ఇంటి పెద్దగా 18 ఏళ్లు నిండిన స్త్రీలలో అందరికన్నా పెద్దావిడ పేరే ఉండాలి.

తెలుగు కుటుంబాలకు కార్డులో పేర్లు తప్పు పడటం ఎందుకు ఇంత ఎక్కువ?

మనకు ఇంటిపేరు ముందు, ఒడియావారికి చివర. మన ఇంటిపేరును ఒక ఆఫీసులో పొడి అక్షరంగా కుదిస్తారు, ఇంకొక చోట చివరికి తోసి పూర్తిగా రాస్తారు, మూడోచోట ‘అమ్మ’ ఊడిపోతుంది. మా వీధి చివర ఒంటరిగా ఉండే ఒక ముసలమ్మకు ఆధార్‌లో ఒక పేరు, కార్డులో ఒక పేరు, ఓటరు జాబితాలో ఇంకొక పేరు పడి, ఐదు నెలలు బియ్యం ఆగిపోయాయి. మా డీలరు చెడ్డవాడు కాదు, మిషను ఒప్పుకోవడం లేదమ్మా అని ప్రతి నెలా మర్యాదగానే చెప్పి పంపేవాడు. ఆవిడ వేలిముద్రలు పొయ్యిలో కట్టెలు ఎగదోసి ఎగదోసి అరిగిపోయాయి. ఆఫీసులో ఇచ్చిన ఫారం ఒడియాలో ఉంది, ఆవిడకు ఒడియా మాట వచ్చు గానీ అక్షరం రాదు. చివరికి ఇద్దరు పొరుగువారి సంతకాలతో, మూడు పేర్లూ ఒకరివేనని అఫిడవిట్ చేయించి దిద్దించాం. ఆ ఐదు నెలలూ ఆవిడ పక్కింటివారి అన్నం తిన్నది, కొండ మీద ఒంటరి ఇంటికి ఆ పక్కిల్లు కూడా ఉండదు. చదువుకున్నవారికి ఇది గుమాస్తా పొరపాటు. తినేవారికి ఇదే కరువు.

సరిహద్దు వల్ల ప్రత్యేకంగా వచ్చే చిక్కులున్నాయా?

ఉన్నాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీను కూడా రెండు ముక్కలైంది, కానీ సంబంధాలు ఇవతలకీ అవతలకీ కలుపుకోవడం ఆగలేదు. పాతపట్నం అమ్మాయిని పర్లాకిమిడిలో ఇస్తే, పుట్టింటి కార్డులో పేరు తీసేసినట్టు ఆంధ్ర నుంచి కాగితం వస్తేగాని ఇక్కడ చేర్చరు. కొత్త కోడలు కడుపుతో ఉన్న నెలలే సాధారణంగా ఆ కాగితం కోసం తిరిగే నెలలు కూడా. ఇందుకు భిన్నంగా, రెండు రాష్ట్రాలూ తమవేనంటున్న కొఠియా గ్రామాల్లో రెండు వైపుల కార్డులూ ఉన్నవారున్నారు. ఎవరి గ్రామమో తేలనిచోట ఇద్దరు వచ్చి ఇస్తారు, తేలినచోట మనం వెళ్లి అడగాలి.

వలస వెళ్లినవారి మాటేమిటి?

గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్లేవారు, బొలంగీర్, నువాపడ వైపు నుంచి సర్దారు (కూలీల మేస్త్రీ) ఇచ్చే అడ్వాన్సు తీసుకుని కుటుంబంతో తెలంగాణ, ఆంధ్ర ఇటుక బట్టీలకు ‘దాదన్’ వెళ్లేవారు వేరు వేరు. మొదటివారు కూలీ వెతుక్కుంటూ పోతారు, రెండోవారు అప్పు తీర్చడానికి పోతారు. ఒకే దేశం ఒకే రేషన్ ఏర్పాటు 2022 జూన్ నాటికి అన్ని రాష్ట్రాలకూ చేరింది గనుక కార్డు నంబరు, ఆధార్ ఉంటే అక్కడి డీలరు దగ్గరే బియ్యం తీసుకోవచ్చు. కుటుంబంలో కొందరు ఊళ్లో, కొందరు బయట ఉన్నా వాటాలు విడివిడిగా తీసుకునే వీలుంది. ఈ సంగతి బట్టీ దాకా చేరవేసేవారే తక్కువ.

వరి పండించే రైతే రేషన్ బియ్యం ఎందుకు తింటాడు?

పంట కోసిన పుష్యంలో అమ్ముకుని, శ్రావణంలో కొనుక్కునేవాడు గనుక. ప్రభుత్వ మద్దతు ధర ఉంది, కానీ మండీలో తేమ అనీ, తాలు అనీ క్వింటాలుకు కొన్ని కిలోలు తగ్గించి రాసుకునే ‘కట్నీ ఛట్నీ’ మీద ఏటా గొడవే. కౌలుదారుకు పట్టా తన పేర ఉండదు గనుక రిజిస్ట్రేషను కష్టం, భూమి యజమాని పేర అమ్మాలి, లేదా కళ్లంలోనే దళారి చెప్పిన ధరకు ఇవ్వాలి. వెనక కొండలకు చోడి, సామ, గంటె, కంది కలిపి చల్లే పద్ధతి ఉండేది, వాన తప్పినా వాటిలో రెండు మిగిలేవి. వరి, పత్తి, నీలగిరి చెట్లు ఆ చోటుకు వచ్చాక ఆ ధీమా పోయింది. 2017లో మొదలైన ఒడిశా చిరుధాన్యాల మిషను చోడిని మద్దతు ధరకు కొనడం ఈ మధ్యకాలంలో నేను చూసిన తెలివైన పనుల్లో ఒకటి.

ఇతర దేశాల్లో క్షామాలు ఇంకా ఎందుకు వస్తున్నాయి?

ఈ శతాబ్దంలో దాదాపు ప్రతి క్షామం వెనకా యుద్ధం ఉంది. 2011లో సోమాలియా, 2017లో దక్షిణ సూడాన్, 2024లో సూడాన్‌లోని జంజం శిబిరం, 2025లో గాజా. తిండి దారిని మూసేయడం ఆయుధమైంది. పౌరులను ఆకలితో లొంగదీయడాన్ని ఖండిస్తూ ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2018లో 2417వ తీర్మానం చేసింది.

బియ్యం ఆగిపోతే ఎవరిని అడగాలి?

ముందు డీలరు దగ్గర మిషను చూపే కారణాన్ని రాయించుకోండి, నోటిమాటతో తిరిగి రాకండి. తరువాత పంచాయతీ, బ్లాకు ఆఫీసుల్లో తెల్లకాగితం మీద అర్జీ ఇచ్చి, రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి. అర్జీ తెలుగులోనే రాసి, దాని కింద ఎవరిచేతనైనా ఒడియా అనువాదం రాయించండి. అక్కడ కదలకపోతే చట్టం ప్రకారం జిల్లాకొక ఫిర్యాదుల పరిష్కార అధికారి, ఆ పైన రాష్ట్ర ఆహార కమిషను ఉన్నాయి. హక్కుగా రావలసిన గింజలు ఇవ్వకపోతే వాటికి బదులుగా ఆహార భద్రత భత్యం అడిగే వీలు కూడా ఆ చట్టంలోనే ఉంది. అడిగినవారిని నేను ఒక్కరినే చూశాను. ఆవిడ గుణుపురం దగ్గరి పల్లెలో కూలికి వెళ్లే మనిషి, చదువు లేదు, ముద్ర ఉన్న ఆ రెండో ప్రతిని పసుపు డబ్బాలో మడిచి పెట్టుకుని ప్రతి సోమవారం ఆఫీసుకు పట్టుకెళ్లేది.